ఊరంతటికీ ఒకటే ఆల్బం

ఆ ఏళ్లలో మా ఊళ్లో పూసిన పూలలో సగం నేను చేసినవే. గొప్పకు చెప్పడం లేదు. వానలు మొహం చాటేసిన ఏళ్లవి. బావులు అడుగంటిపోయి, పెరట్లో నాటుకున్న కనకాంబరాలు మొగ్గలోనే మాడిపోయేవి. దేవుడికి తంగేడు పూలు, పెళ్లికి మడకశిర నుంచి బస్సులో వచ్చేసరికి వాడిపోయిన చామంతులు, అంతే మా భాగ్యం. నా పూలకు మాత్రం నీళ్లు అక్కర్లేదు. ఒక కత్తెర, గిన్నెడు చింతగింజల బంక, ఎవరో పారేసిన రంగు కాగితం ఉంటే చాలు.

ఈ విద్య నాకు హైస్కూల్లో అబ్బింది. కొత్త సంవత్సరానికి గ్రీటింగ్ కార్డులు చేసి ఒకరికొకరు ఇచ్చుకునే పిచ్చి ఆడపిల్లలందరికీ పట్టిన కాలం. బెంగళూరు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ కాగితం మడిచి సీతాకోకచిలుకను కత్తిరించడం, కార్డు తెరవగానే అది రెక్కలు లేపేలా అంటించడం నేర్పింది. మా ఎండలకు తట్టుకోలేక ఆవిడ మూడు నెలలకే బదిలీ చేయించుకుని వెళ్లిపోయింది. విద్య నా దగ్గర ఉండిపోయింది. పదో క్లాసు ఎస్సెల్సీలో లెక్కలు రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ పరీక్ష ముందు రోజు దాకా గులాబీలు చుట్టుకుంటూ కూర్చున్నానని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. అది అన్యాయం. రెండోసారి చేసినవి తామరలు.

బడి అయిపోయాక ఇంట్లో కూర్చుని చెనక్కాయలు, అదే వేరుశనగలు, వొలిచే ఉద్యోగం దొరికింది. విత్తనం కాయలను చేత్తోనే వొలవాలి, మిషన్లో వేస్తే పప్పు పగులుతుంది. ఊరి ఆడవాళ్లందరికీ బొటనవేలి గోళ్లు వాచి ఉండేవి. వొలిచింది విత్తేవాళ్లు, వాన రాదు, విత్తనం మట్టిపాలు. మళ్లీ ఏడాదికి మళ్లీ వొలుచుకునేవాళ్లం. ప్రతి ఏడూ మా నాయన ఆకాశం వైపు చూసి ఈసారి తప్పకుండా వస్తుందనేవాడు. ఆ మాట అనడంలో ఆయన ఒక్క ఏడు కూడా తప్పలేదు.

ఈ వ్యవసాయంలో బాగుపడింది నేనొక్కదాన్నే. ఎందుకంటే వొలిచిన కాయల పొట్టు అంతా నాది. చెనక్కాయ సగం చిప్ప ఉంటుంది చూడండి, అందులో తడిపిన చిన్న కాగితం రేకును పెట్టి బొటనవేలితో నొక్కి ఎండలో పెడితే, రేకు గిన్నెలా వంగి గట్టిపడుతుంది. అలాంటివి అయిదు కలిపితే పువ్వు. పసుపు కలిపిన రవ్వలో దారం కొసలు అద్దితే మధ్యలో కేసరాలు. మాది ఒకప్పుడు గొర్రెలు కాసిన ఇల్లు. గొర్రెలు పోయినా మా అవ్వ కంబళ్ల కోసం వడికిన నల్ల ఉన్ని ఉండలు అటక మీద మిగిలాయి. అవి సీతాకోకచిలుకల ఒళ్లయ్యాయి. బీడీకట్టల గులాబీరంగు కాగితం, పెళ్లి పత్రికలు, సబ్బు పొట్లాలు, ఎరువుల కొట్టువాళ్ల క్యాలెండరు, ఏదీ వదిలేదాన్ని కాదు. మా ఊళ్లో పెళ్లి పత్రిక అందుకున్నవాడు ముహూర్తం చదివేలోపు నేను వాళ్ల గుమ్మంలో నిలబడి ఉండేదాన్ని.

అలా చేసినవన్నీ ఒక పెద్ద స్క్రాప్ బుక్కులో అంటించాను. ఊళ్లో అందరూ దాన్ని ఆల్బం అనేవాళ్లు. పేజీకొక పువ్వు, మధ్య మధ్య తెరిస్తే లేచే సీతాకోకచిలుకలు. మొదటి పేజీలో ముగ్గు అంచు వేసి నా పేరు రాసుకున్నాను. నేను కళ్లారా చూసిన పూలు తంగేడు, జిల్లేడు, చెనక్కాయ పువ్వు, అంతకు మించి ఎన్నో లేవు. మిగిలినవన్నీ క్యాలెండర్లలో చూసి చేసినవే, వాటి పేర్లు నాకూ తెలియవు. ఎవరైనా అడిగితే మా అమ్మ తడుముకోకుండా ఊటీ పువ్వు అనేది. ఆల్బంలో ఊటీ పూలు తొమ్మిదో పదో ఉండేవి.

అమ్మకు ఇదంతా దండగమారి పని. అయినా ఒక్క కారణంతో ఊరుకుంది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కాఫీ తాగి, "పాపకు చేతిపని ఏమన్నా వచ్చునా?" అని అడగడం మా వైపు రివాజు. వచ్చు అంటే చాలదు, వస్తువు చూపించాలి. అందరిళ్లలోనూ ప్లాస్టిక్ వైరు బుట్ట ఒకటి, పూసలతో కుట్టిన చిలక పటం ఒకటి ఉండేవి. వాటిని చూసీ చూసీ మగపెళ్లివారికి వెగటు పుట్టింది. నా కూతురిది వేరే సంగతి అనిపించుకోవాలని మా అమ్మ ఆశ.

మొదట అడిగింది మా పెద్దమ్మ, అంటే మా పెదనాయన భార్య. ఆమె కూతురు నాకన్నా ఏడాది పెద్దది, నేను అక్కా అని పిలిచేదాన్ని. అక్కకు పావగడ టౌనులోని బస్సు కండక్టరు సంబంధం వచ్చింది. అక్కకు కత్తెర పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు.

"పాపా, నీ పూల పుస్తకం ఒక్క పొద్దు ఇయ్యి. అక్కను చూసేకి వస్తాండారు," అంది పెద్దమ్మ.

"దాంట్లో నా పేరుండాది పెద్దమ్మా."

"దాని మింద కృష్ణుని పటం అంటిచ్చుకుంటాలే. నీకేం పోతాది?"

నిజమే, నాకేం పోతుంది అనుకున్నాను. కృష్ణుడు వచ్చి నా పేరు మీద కూర్చున్నాడు. కండక్టరు తల్లి పేజీ పేజీ తిప్పి చూసి, ఈ చేతులు మా ఇంటికి రావాలందట. అక్క పెళ్లి అయిపోయింది. ఆల్బం ఇంటికి వచ్చాక చూస్తే తామర పేజీలో ఆకుపచ్చ ఆకు మీద తెల్లగా సున్నపు వేలిముద్ర. ఆ తల్లిగారు ఆకువక్క వేసుకుంటూ చూసినట్టుంది. గీకితే కాగితం చిరిగేలా ఉందని అలాగే వదిలేశాను.

ఇంక చూసుకోండి, ఈ ఆల్బం పెట్టిన వేళ మంచిదని ఊరంతా పాకింది. పెళ్లిచూపులంటే బడి నుంచి కుర్చీలు, మా ఊరి మేష్ట్రు ఇంటి నుంచి పరిచే జంఖానా, అంగడి వాళ్ల స్టీలు తట్ట, మా ఇంటి నుంచి ఆల్బం. అడిగిన వాళ్లందరికీ మా అమ్మ ఇచ్చేది. ఇచ్చేటప్పుడు, "జాగర్తమ్మా, మా పాప చేసింది," అనేది. తీసుకుపోయినవాళ్లు గడప దాటగానే ఆ ముక్క మరిచిపోయేవాళ్లు. అలా అయిదారు ఇళ్ల ఆడపిల్లలు నా తామరలు, నా ఊటీ పూలు తమవని చెప్పుకుని అత్తారిళ్లకు వెళ్లారు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. అంతకన్నా ఎక్కువ గర్వంగా ఉండేది. ఒకసారి గోడ అవతల నిలబడి, మగపెళ్లివారి అవ్వ ఒకామె నా సీతాకోకచిలుక లేవగానే ఉలిక్కిపడి నవ్వడం విన్నాను. ఆ రోజంతా అన్నం సహించలేదు.

రెండేళ్ల తర్వాత నా వంతు వచ్చింది. వచ్చిన సంబంధం ఎవరిదనుకున్నారు? అక్క మరిదిదే. ప్రైమరీ బడిలో మేష్ట్రు. వాన వచ్చినా రాకపోయినా జీతం వచ్చే అల్లుడంటే ఆ రోజుల్లో మా తాలూకా మొత్తానికి దేవుడితో సమానం. నాకు మాత్రం జీతం కాదు కావలసింది. ఆ ఇంట్లో ఎవరూ చెనక్కాయలు వొలవరు, అది ఒకటి. రెండోది, మేష్ట్రు ఇంట్లో చార్టులుంటాయి, రంగు కాగితాలుంటాయి, బడి పండగలుంటాయి. నా కత్తెరను చూసి దండగమారి పని అనని ఇల్లు ఈ భూమ్మీద ఉందంటే అది ఇదొక్కటే అనిపించింది. ఆ సంబంధం నాకు కావాలి. కావాలంటే కావాలి.

పొద్దున కబురు, మధ్యాహ్నం బస్సుకు రాక. అమ్మ ఆల్బం బయటికి తీసింది.

"అమ్మా, ఆయమ్మ దీన్ని అక్క ఇంట్లో చూసేసింది కదా," అన్నాను.

"చూసి రెండేండ్లాయ. అట్ట మార్చు. లోపలుండేది ఎవురు గుర్తుపెట్టుకుంటారు? పువ్వంటే పువ్వే."

"వద్దు, ఊరికే చేతిపని వచ్చునని చెప్పు."

"పూలు చేస్తాదని ముందే చెప్పి పంపించినా. ఇప్పుడు వట్టి చేతులు చూపించేదా?"

కొత్త ఆల్బం చేసే టైము లేదు. క్యాలెండరు కాగితంతో అట్ట మార్చాను. మా ఇంటిల్లిపాదికీ ఆ అట్ట మీద ఎంత నమ్మకమో.

వచ్చినవాళ్లు ముగ్గురు. తల్లి, పెళ్లికొడుకు, ఏడో నెల కడుపుతో అక్క. మా ఇంటి ఆడవాళ్లతో పాటు ఇరుగుపొరుగు వాళ్లు గోడవారన వరసగా కూర్చున్నారు. లెక్కపెడితే ఆ వరసలో ఆల్బం తీసుకుపోని మనిషి లేదు. అక్క నా వైపు చూడలేదు. ఆల్బం తట్టలో పెట్టి తెస్తుంటే మాత్రం ఆమె మొహం పాలిపోయింది.

"అన్నీ మా పాప చేసినవే వొదినా. ఇంకొకరు చెయ్యి పెట్టలేదు," అంది మా అమ్మ.

పెళ్లికొడుకు ముందు చేతికి తీసుకున్నాడు. సీతాకోకచిలుక పేజీ తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. "ఇది ఎట్లా లేస్తాది? మా బడి పిల్లోల్లకి నేర్పొచ్చునా?" అని నన్నే అడిగాడు. పెళ్లిచూపుల్లో వంట వచ్చా, పాట వచ్చా అని కాక చేసే పని గురించి అడిగిన మగవాణ్ణి నేను అంతవరకు చూడలేదు. చెప్పడానికి నోరు తెరిచేలోపు తల్లి ఆల్బం లాక్కుని తన ఒళ్లో పెట్టుకుంది. నిదానంగా తిప్పుకుంటూ పోయి తామర పేజీ దగ్గర ఆగింది. సున్నపు ముద్ర మీద తన బొటనవేలు ఆనించి చూసుకుంది. సరిగ్గా సరిపోయింది.

"ఈ ఏలిముద్ర నాదే," అంది. "ఇది మా పెద్దకోడలు చేసిన పుస్తకం కదా."

గోడవారన కూర్చున్నవాళ్లలో ఒకామె వాసాలు లెక్కపెడుతోంది. ఒకామె ఒళ్లో పిల్లకు లేని చీమిడి తుడుస్తోంది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఇది ఈ పాపదేనమ్మా అంటే సరిపోయేది. ఎలా అంటారు? అంటే వాళ్ల వాళ్ల కూతుళ్ల సంగతి బయటపడుతుంది. పెద్దమ్మ కొంగు సర్దుకుంది. సర్దుకుంటూనే ఉంది.

"అదీ... అక్కచెల్లెండ్లు ఇద్దరూ కలిసి చేసినారు," అని మా అమ్మ నసిగింది.

"కలిసి అని ఇంతకుముందు చెప్పలేదే. నువ్వు చెప్పు పాపా. ఇది ఎవురు చేసింది?"

మొదటి పేజీలో కృష్ణుడి కింద నా పేరుంది. చెనక్కాయలు వొలిచి వొలిచి రాటుదేలిన గోరు నాది, ఒక్క గీకుడు చాలు. పెళ్లికొడుకు కూడా నా జవాబు కోసం చూస్తున్నాడు. నేను అక్క వైపు చూశాను. అక్క బతిమాలలేదు, తల అడ్డంగా ఊపలేదు. కడుపు మీద చెయ్యి పెట్టుకుని నేలకేసి చూస్తోంది, అంతే. ఆమె అత్త ఈ పెద్దకోడలి చేతుల గురించి టౌనంతా చాటింపు వేసిందని నాకు తెలుసు. చేసి చూపించమన్నప్పుడల్లా ఇక్కడి కాగితం మంచిది కాదనీ, బంక వాసనకు వాంతులొస్తాయనీ అక్క రెండేళ్లు నెట్టుకొచ్చిందనీ తెలుసు. ఆ అత్త నోరెలాంటిదో కూడా తెలుసు. ఇప్పుడు నిజం చెబితే నేను మా ఇంట్లో ఉంటాను, అక్క ఆ ఇంటికి తిరిగి వెళ్లాలి. నాకు అక్క మీద కోపం వచ్చింది, అమ్మ మీద వచ్చింది, కృష్ణుడి మీద కూడా వచ్చింది.

"అక్క చేసిందే. నేను అడిగి తెచ్చుకున్నా," అన్నాను. "నాకు చేతిపని ఏమీ రాదు."

చివరి మాట ఎవరూ అడగలేదు. కోపంలో వచ్చేసింది.

పెళ్లికొడుకు చూపు తిప్పుకున్నాడు. తల్లి ఆల్బం మూసి చంకలో పెట్టుకుంది. "దీన్ని నేను తీసకపోతా. ఎవురి సొత్తు వాళ్ల దగ్గర ఉండల్ల," అని లేచింది. నా మూడేళ్ల పని సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోయింది. వాళ్లు మలుపు తిరిగాక ఇరుగుపొరుగు వాళ్లు నన్ను ఓదార్చడానికి వచ్చారు. అందులో ఒకామె నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. వచ్చే వారం ఆమె రెండో కూతురికి పెళ్లిచూపులు, ఇప్పుడు ఏం చూపించాలని ఆమె బాధ.

అమ్మ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అయిదో రోజు మంగళవాడ సంతకు వెళ్లిన మా నాయన చేత కబురు వచ్చింది. కండక్టరు బావ బస్సు ఆపి మరీ చెప్పాడట. "మా అమ్మ ఆ పాపే కావల్ల అంటాంది. పని రాకున్నా పర్లేదంట, వచ్చిన సంబంధం పోతాదని తెలిసీ అబద్ధం చెప్పలేదంట. ఇట్లాంటి పిల్ల ఈ కాలంలో యాడ దొరుకుతాది అంటాంది."

నా బతుకులో నేను అంత పెద్ద అబద్ధం అంతకుముందు ఆడలేదు. ఆడిన ఒక్క అబద్ధానికి నిజాయితీ బహుమతి వచ్చింది. మా అమ్మ వెంటనే నాతో మాట్లాడటమే కాక ఊరందరితోనూ మాట్లాడింది. తన పిల్లలకు ఉగ్గుపాలతోనే నిజం నేర్పానని చెప్పుకుంది. పెద్దమ్మ అవునవునంది.

అలా నేను ఆ ఇంటికి కోడలినయ్యాను, అక్కకు తోడికోడలినయ్యాను. వెళ్లేసరికి ఆల్బంలో మొదటి పేజీ లేదు. అక్క ఆ వారంలోనే చించి పొయ్యిలో పెట్టేసిందట. తనే చెప్పి ఏడ్చింది. తప్పుపట్టలేదు, ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని.

నేను ఆశపడ్డవన్నీ ఆ ఇంట్లో ఉన్నాయి. చెనక్కాయలు లేవు. చార్టులున్నాయి, రంగు కాగితాలున్నాయి, స్వాతంత్ర్య దినం, బడి వార్షికోత్సవం, అన్నీ ఉన్నాయి. మా ఆయన సంచి నిండా క్రేపు కాగితం తెచ్చేవాడు. తెచ్చి, నా ముందు నుంచే నడిచి వెళ్లి, "వొదినా, ఈ పూలు కొంచెం చేసియ్యి," అని అక్క చేతికిచ్చేవాడు. అక్క తలుపు గడియ పెట్టుకుని చేసే మనిషని ఇంట్లో పేరు, చెల్లెల్ని నేను తప్ప ఇంకెవరైనా చూస్తే చెయ్యి ఆడదట. లోపల నేను చేస్తుంటే ఆమె నా వంతు బియ్యం ఏరేది. బయటికి వచ్చినప్పుడు పూలు ఆమె చేతిలో, చేట నా చేతిలో.

"చిన్నకోడలికి కత్తెర పట్టేది కూడా రాదు. కానీ నోట్లో నుంచి అబద్ధం రాదు," అని మా అత్త వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేది. ఈ కీర్తి వీధంతా పాకింది. కొళాయి దగ్గర ఎవరి బిందె ముందు, ఎవరి కోడి ఎవరి గింజలు తినింది, ఏ తగాదా వచ్చినా నన్నే సాక్షిగా పిలిచేవాళ్లు. నేను చూడని కోళ్ల గురించి కూడా నా మాటే ఆఖరి మాట. నిజం చెప్పే మనిషినని పేరు పడ్డాక ఆ ఒక్క నిజం చెప్పే దారి మూసుకుపోయింది. ఒకసారి ధైర్యం చేసి మా ఆయనతో, "మీకొక మాట చెప్పల్ల," అన్నాను. "నువ్వు చెప్తే ఇంకేం, రాసి పెట్టుకోవచ్చు," అని నవ్వాడు. కిరసనాయిలు అయిపోయిందని చెప్పాను. నిజంగానే అయిపోయింది.

మా పాప మూడో క్లాసులో ఉండగా బడిలో స్క్రాప్ బుక్కు చేసి తెమ్మన్నారు, కాగితం పూలు, సీతాకోకచిలుకలు అంటించి. "పెద్దమ్మనడుగు," అన్నాడు మా ఆయన. పాపకు పెద్దమ్మంటే మా అక్కే. నేనూ లోపలికి వెళ్లాక అక్క తలుపు గడియ పెట్టుకుంది. నా కూతురికని ప్రాణం పెట్టి చేశాను. బడిలో అందరికన్నా మంచి పేరు దానికే వచ్చింది. ఇంటికి వచ్చి పెద్దమ్మ మెడ పట్టుకుని ముద్దులు పెట్టుకుంది. నేను వంటింటి గడపలో నిలబడి చూశాను. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు, ఏ అబద్ధమూ అంత నొప్పి పెట్టలేదు.

ఆదివారం నాడు పాప కత్తెర, ఒక ఎర్ర కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. బడిలో వాళ్ల మిస్ నేర్పిందట. "అమ్మా, నీకొకదానికే రాదు కదా. దా, నేను నేర్పిస్తా."

నా పక్కన కూర్చుని నా చేతులు పట్టుకుని కాగితం మడిపించింది. మడత అంచు వైపు కత్తెర పెట్టమంది. అలా కోస్తే రెక్కలు రెండూ విడిపోతాయి. నా వేళ్లు వాటంతటవే కాగితం తిప్పబోయాయి. మా అత్త ఎదురుగా మంచం మీద కూర్చుని నవ్వుతూ చూస్తోంది, మా ఆయన పేపరు దించి చూస్తున్నాడు. పాప చెప్పినట్టే కోశాను. రెండు రెక్కలూ వేరువేరుగా ఒళ్లో పడ్డాయి.

పాప నా మోకాలు తట్టింది. "ఏం కాదులేమ్మా, మొదటిసారి కదా. అట్లే వస్తాది."

"అవును పాపా, మొదటిసారి," అన్నాను.